ఏడు బిట్ల లాకు: ఈ-మెయిలు జోడింపుల చరిత్ర

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి లాకు అనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట, దాని కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చినవి. నీటిమట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. లాకు వెడల్పు ఎంతయో, దాని గుండా పోవు పడవ వెడల్పు అంతకు మించరాదు. కాలువ ఎంత విశాలమైనను, పడవవాడు లాకును బట్టియే పడవను కట్టించుకొనవలెను. త్రోవలో ఒకచోట నున్న ఇరుకు, త్రోవ పొడవునా సాగు సరకును శాసించును.

ఈ-మెయిలు త్రోవకును ఇట్టి లాకు ఒకటి ఉండెను. దాని వెడల్పు ఏడు బిట్లు. అది కట్టి చాల కాలమైనది. నేడు చాలచోట్ల దానిని వెడల్పు చేసిరి. అయినను మన పడవలన్నియు నేటికిని ఆ పాత కొలతకే తయారగుచున్నవి. ఈ సంగతి తెలియనిచో ఈ-మెయిలు చిక్కులలో సగము అర్థము కావు.

తణుకులోని ఒక ఉపాధ్యాయుడు భీమవరమునకు ప్రశ్నపత్రము పంపవలెననుకొందము. కంప్యూటరులో ఈ-మెయిలు ప్రోగ్రాము తెరచి, లేఖ వ్రాసి, కాగితపు క్లిప్పు బొమ్మను నొక్కి, ఫైలును జతచేసి పంపును. ఇట్లు జతచేసిన ఫైలును అటాచ్‌మెంటు అనుట వాడుక. తెలుగున జోడింపు అందురు. అది సరిగా చేరినచో దానిని గూర్చి ఎవరును ఆలోచింపరు. కాని ఒక్కొక్కప్పుడు ప్రశ్నపత్రమునకు బదులు "విన్‌మెయిల్.డాట్" అను తెరువరాని ఫైలు చేరును. తెలుగులో పెట్టిన ఫైలు పేరు శాతపు గుర్తుల గుంపుగా మారును. ఒక్కొక్కప్పుడు ఏమియు చేరదు. రేపు ఉదయము పరీక్ష అయినచో ఇది చిన్న సంగతి కాదు. అప్పుడు మనము "కంప్యూటరు పాడైనది" అని సరిపెట్టుకొందుము. కాని ఈ చిక్కులలో ప్రతిదానికి ఒక కారణము కలదు; ఆ కారణమునకు ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలిసినచో లోపము పంపినవారి వద్ద నున్నదో, త్రోవలో నున్నదో, అందుకొన్నవారి వద్ద నున్నదో మనమే గుర్తింపవచ్చును.

ఏడు బిట్లు ఎక్కడివి?

కంప్యూటరు సమస్త విషయములను 0, 1 అను రెండు గుర్తులతోనే దాచుకొనును. ఇట్టి గుర్తు ఒక్కటి బిట్టు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 1963లో అమెరికాలో ప్రకటించిన ఆస్కీ సంకేతము ఒక్కొక్క అక్షరమునకు ఏడు బిట్లు కేటాయించినది. రెండును ఏడుమారులు గుణించిన 128 వచ్చును. ఇంగ్లీషు పెద్ద అక్షరములు, అంకెలు, విరామ చిహ్నములు, టెలిప్రింటరు యంత్రమును నడపు ఆజ్ఞలు, తరువాతి సవరణతో చేరిన చిన్న అక్షరములు అన్నియు ఆ 128లో ఇమిడిపోయినవి. ఆనాటి అవసరమునకు అది చాలెను. తెలుగునకు గాని, ఛాయాచిత్రమునకు గాని అందులో చోటు లేదు.

1971లో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు ఆర్పానెట్టు మీద ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరునకు లేఖ పంపెను. చిరునామాలో మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ ఎట్ గుర్తును పెట్టినవాడు ఇతడే. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ లేఖలు చేరవేయు పద్ధతికి ఎస్‌ఎంటీపీ అను నియమావళిని వ్రాసెను. అందు రెండు షరతులు మన కథకు ముఖ్యము. లేఖలోని ప్రతి అక్షరము ఏడు బిట్లలోనే ఉండవలెను, ఎనిమిదవ బిట్టు సున్న కావలెను. ఒక పంక్తి, దాని చివరి గుర్తులతో కలిపి, 1000 అక్షరములు మించరాదు. ఇదియే మన లాకు.

ఛాయాచిత్రము, పాట, లెక్కల పట్టిక మున్నగు ఫైళ్లు బైటులోని ఎనిమిది బిట్లను వాడుకొనును. ఎనిమిదవ బిట్టు కోసివేసిన ఏమగునో మన అక్షరముతోనే చూతము. నేడు వాడుకలో నున్న యూటీఎఫ్-8 సంకేతమున "త" అను అక్షరము మూడు బైట్లు: 224, 176, 164. ప్రతిదాని నుండి ఎనిమిదవ బిట్టు విలువయగు 128 తీసివేసిన 96, 48, 36 మిగులును. ఆస్కీలో 96 ఒక వంకర గీత, 48 సున్న అను అంకె, 36 డాలరు గుర్తు. "త" పోయి గీత, సున్న, డాలరు చేరినవి. పోయిన బిట్టును తిరిగి తెచ్చుటకు వీలులేదు.

మొదటి మారువేషము

పడవ వెడల్పైనది, లాకు ఇరుకైనది. లాకును పగులగొట్టుట ఎవరి తరము కాదు. లోకమందలి యంత్రములన్నియు ఒక్కనాడు మారవు. కనుక సరకును విప్పి చిన్న పడవలలోనికి మార్చవలెను. ఈ ఉపాయమును 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో మేరీ ఆన్ హార్టన్ అమలుచేసెను. ఆ ప్రోగ్రాము పేరు యూయూఎన్‌కోడు. మూడు బైట్లు తీసికొనిన 24 బిట్లు. వానిని ఆరేసి బిట్ల చొప్పున నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు అచ్చువేయదగిన ఒక్కొక్క ఆస్కీ గుర్తు నిచ్చినచో, ఫైలు ఇంగ్లీషు లేఖవలె కనబడును. లాకు దానిని ఆపదు. అవతలివారు మారువేషము విప్పుకొందురు.

ఉపాయము మంచిదే కాని, వేషమునకు ఎంచుకొన్న గుర్తులు కొన్ని మంచివి కావు. ఆనాడు విశ్వవిద్యాలయములను కలుపు బిట్‌నెట్టు వంటి జాలములలో ఐబీఎం యంత్రములు ఎబ్సిడిక్ అను వేరొక సంకేతమును వాడెడివి. ఒక సంకేతము నుండి మరొక దానికి మారుచోట కొన్ని విరామ చిహ్నములు తారుమారయ్యెడివి. పంక్తి చివరి ఖాళీలను కొన్ని యంత్రములు అనవసరమని తీసివేసెడివి. ఒక్క గుర్తు మారిన ఫైలు చెడును. పైగా వేషము వేయుట, లేఖలో అతికించుట, అవతల కత్తిరించి విప్పుట అన్నియు చేతితో చేయవలసిన పనులే.

హ్యూస్టనులో తెలుగు

ఇదే ఇరుకున మన భాషయు చిక్కుకొన్నది. 1990వ దశకపు ఆరంభమున అమెరికాలో చదువుకొనుచున్న, ఉద్యోగములు చేయుచున్న తెలుగువారు కంప్యూటరు జాలముపై చర్చావేదికలలో కలిసికొనిరి. వారికి తెలుగులో మాటలాడవలెనని కోరిక. ఏడు బిట్లలో తెలుగు లేదు. టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టను నగరమున గల రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన కన్నెగంటి రామారావు, ఆనంద కిశోరు అనువారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగును తప్పు లేకుండ వ్రాయుటకు ఒక పద్ధతిని ఏర్పరచిరి. విశ్వవిద్యాలయపు పేరుమీదుగా దానికి ఆర్‌టీఎస్ అని పేరు వచ్చినది.

అందలి కీలకము ఇంగ్లీషు పెద్ద అక్షరమును, చిన్న అక్షరమును వేర్వేరు ధ్వనులకు వాడుట. చిన్న టి "త", పెద్ద టి "ట". చిన్న ఎన్ "న", పెద్ద ఎన్ "ణ". చిన్న ఎల్ "ల", పెద్ద ఎల్ "ళ". మన ఊరి పేరు వ్రాయవలెనన్న చిన్న టి, ఏ, పెద్ద ఎన్, యు, కే, యు అని వరుసగా కొట్టవలెను. త్రోవలో ఏ యంత్రమైనను పెద్ద ఎన్‌ను చిన్నదిగా మార్చినచో తణుకు కాస్త "తనుకు" అగును. పరాయి గుర్తులలో దాచి పంపు ప్రతి పద్ధతికి ఈ ప్రమాదము కలదు.

యూయూఎన్‌కోడును, ఆర్‌టీఎస్‌ను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పోలిక తెలియును. రెండును ఇరుకు లాకును దాటుటకు వేసిన మారువేషములే. మొదటిది యంత్రము విప్పవలసిన వేషము. రెండవది మనిషి కన్నుతోనే విప్పగల వేషము. నేడు మన విద్యార్థులు సెల్‌ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో తెలుగు వ్రాయుచున్నారు. అందు నియమము లేదు. ఆర్‌టీఎస్‌లో నియమము ఉండెను. అందుచేతనే దానిని తిరిగి తెలుగు లిపిలోనికి యంత్రముతో మార్చుట సాధ్యమయ్యెను.

1992: వేషమునకు చీటీ తోడైనది

1992 మార్చి 11న బెల్‌కోర్ పరిశోధనాలయమున పనిచేయుచున్న నథానియల్ బోరెన్‌స్టీన్ ఒక లేఖ పంపెను. తాను సభ్యుడుగా నున్న "టెలిఫోన్ కార్డ్స్" అను నలుగురి గాయక బృందపు ఛాయాచిత్రమును, వారి పాటను ఆ లేఖకు జోడించెను. బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి రూపొందించిన ఈ పద్ధతికి మైమ్ అని పేరు. దాని నియమ పత్రము 1992 జూనులో వెలువడినది. సవరించిన రూపము 1996 నవంబరులో వచ్చినది. నేడు మనము పంపు జోడింపులన్నియు ఈ పద్ధతివే.

మైమ్ చేసిన పనులు మూడు. మొదటిది, లేఖను భాగములుగా విభజించి, భాగమునకు భాగమునకు నడుమ ఒక సరిహద్దు పంక్తి పెట్టుట. రెండవది, ప్రతి భాగముపై ఒక చీటీ అంటించుట: ఇది అక్షరమా, చిత్రమా, ధ్వనియా, ఏ సంకేతమున నున్నది, ఫైలు పేరేమి అను వివరములు అందుండును. మూడవది, బేస్-64 అను మెరుగైన మారువేషము. ఇందు ఇంగ్లీషు పెద్ద అక్షరములు 26, చిన్నవి 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత, వెరసి 64 గుర్తులు. చివర ఖాళీ నింపుటకు సమాన గుర్తు. ఇవి ఆస్కీలోను, ఎబ్సిడిక్‌లోను కూడ చెడకుండ ప్రయాణింపగలవని చూచి మరీ ఏరినవి.

"త" ప్రయాణమును మరల చూతము. 224, 176, 164 అను మూడు బైట్లను బిట్లుగా వ్రాసిన 11100000, 10110000, 10100100. వీనిని కలిపి ఆరేసి చొప్పున విడదీసిన 111000, 001011, 000010, 100100. అనగా 56, 11, 2, 36. పట్టికలో సున్న మొదలు 25 వరకు పెద్ద అక్షరములు, 26 మొదలు 51 వరకు చిన్నవి, 52 మొదలు 61 వరకు అంకెలు. కనుక 56 అనగా అంకె 4; 11 పెద్ద ఎల్; 2 పెద్ద సి; 36 చిన్న కే. "త" ఈ నాలుగు గుర్తులుగా పోవును. విద్యార్థులు "ణ"ను ఇట్లే సాధింపవచ్చును. దాని బైట్లు 224, 176, 163. మొదటి రెండు గుర్తులు మరల 4, పెద్ద ఎల్ వచ్చును. తెలుగు అక్షరములన్నియు యూటీఎఫ్-8లో 224తో మొదలై 176తో గాని 177తో గాని సాగుటయే ఇందుకు కారణము. కనుక లేఖ మూలమున ఒక భాగము 4, పెద్ద ఎల్‌తో మొదలై ఆ జంట పదేపదే కనబడినచో, లోపల తెలుగు ఉన్నదని ఊహింపవచ్చును. నడుమ ఖాళీ వచ్చినచో వరుస తప్పును. ఖాళీ ఒక్క బైటే గదా.

చిక్కులు, వాని మూలములు

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కులకు వత్తము.

బరువు. మూడు బైట్లు నాలుగగుచున్నవి. బేస్-64 పంక్తికి 76 గుర్తులు, చివర రెండు బైట్లు. అనగా 57 బైట్ల సరకునకు 78 బైట్ల పడవ. బరువు నూటికి సుమారు 37 వంతులు పెరుగును. ఒక సర్వరు 25 మెగాబైట్లకు మించిన లేఖను తీసికొననన్నచో, వేషము వేయక మునుపు ఫైలు 18 మెగాబైట్లు దాటరాదు. "నా ఫైలు 20 మెగాబైట్లే గదా, ఎందుకు తిరిగి వచ్చినది?" అను ప్రశ్నకు సమాధాన మిదియే. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టును ప్రారంభించిన కాలమున ఈ బరువు మరింత బాధించెడిది. సెకనుకు 9,600 బిట్ల మోడెముతో ఒక్క మెగాబైటు జోడింపు పోవుటకు, ఈ పెరుగుదలతో కలిపి, 19 నిమిషములు పట్టును.

పేరు. చీటీపై ఫైలు పేరు కూడ ఆస్కీలోనే ఉండవలెనని తొలి నియమము. ఇతర భాషల పేర్లను వ్రాయు పద్ధతి 1997లో ఏర్పడినది. అందు ప్రతి బైటునకు ఒక శాతపు గుర్తు, రెండు అంకెలు చొప్పున వ్రాయుదురు. ఒక్క తెలుగు గుర్తుకు తొమ్మిది గుర్తులు పట్టును. "తణుకు" అను పేరులో త, ణ, కొమ్ము, క, కొమ్ము వెరసి ఐదు గుర్తులు, 45 గుర్తులగును. అన్ని ప్రోగ్రాములును ఈ పద్ధతిని ఒకేరీతిని పాటింపవు. కనుక పేరు శాతపు గుర్తుల గుంపుగా కనబడినచో లోపలి ఫైలు చెడినదని భయపడనక్కరలేదు. దానిని దాచుకొని పేరు మార్చి తెరచిన చాలును. పంపువారు ముఖ్యమైన ఫైలునకు చిన్న ఇంగ్లీషు పేరు పెట్టుట మేలు.

చీటీ. విన్‌మెయిల్.డాట్ సంగతి ఇదియే. అవుట్‌లుక్ ప్రోగ్రాములో లేఖను "రిచ్ టెక్స్ట్" రూపమున పంపినచో, అది జోడింపులను, అక్షరముల అలంకరణను కలిపి టీఎన్‌ఈఎఫ్ అను తన స్వంత పెట్టెలో పెట్టును. ఆ పెట్టెను విప్పుట తెలియని ప్రోగ్రాము దానిని విన్‌మెయిల్.డాట్ అను ఒకే ఫైలుగా చూపును. లోపము అందుకొన్నవారిది కాదు. పంపినవారు లేఖ రూపమును సాదా అక్షరములకో, హెచ్‌టీఎంఎల్‌కో మార్చి మరల పంపవలెను.

కావలి. 2000 మే 4న "ఐ లవ్ యు" అను వైరస్ లోకమును చుట్టినది. అది ప్రేమలేఖవలె, సాదా అక్షరముల ఫైలువలె కనబడెను. దాని నిజమైన తోక వీబీఎస్, అనగా నడువగల ప్రోగ్రాము. విండోసు ఆ తోకను దాచి చూపుటచే జనులు మోసపోయిరి. అప్పటి నుండి ఈ-మెయిలు ప్రోగ్రాములు, సర్వర్లు ఈఎక్స్‌ఈ, వీబీఎస్ వంటి తోకలు గల జోడింపులను నిలిపివేయుట బలపడినది. మన విద్యార్థి తాను వ్రాసిన ప్రోగ్రామును పంపగా అది చేరకపోవుటకు కారణమిది. మూల గ్రంథమును సాదా అక్షరముల ఫైలుగా పంపవలెను.

నకలు. కొన్ని పద్ధతులలో లేఖ తలభాగము మాత్రము మన కంప్యూటరునకు దిగి, జోడింపు సర్వరులోనే ఉండును. క్లిప్పు బొమ్మ కనబడినను, జాలము తెగినపుడు ఫైలు తెరచుకొనదు. మరొకటి: జోడింపును లేఖ నుండి నేరుగా తెరచినచో, ప్రోగ్రాము దాని నకలును తాత్కాలిక ఫోల్డరులో పెట్టి చూపును. అందు దిద్దుబాట్లు చేసి దాచిన అవి ఆ నకలులోనే ఉండును. లేఖలోని ఫైలు మారదు. మార్కుల పట్టిక దిద్దు ఉపాధ్యాయులు మొదట ఫైలును తమ ఫోల్డరులో దాచుకొని, పిదప దిద్దవలెను.

చేరియు చదువరాని తెలుగు

అన్నిటికంటె మన భాషకు ఎక్కువ నష్టము కలిగించిన చిక్కు వేరొకటి కలదు. జోడింపు ఒక్క బిట్టు చెడకుండ చేరును, తెరచుకొనును. కాని తెలుగునకు బదులు ఇంగ్లీషు గుర్తుల గజిబిజి కనబడును. ఇది త్రోవ దోషము కాదు. యూనికోడు వాడుక కాక మునుపు మన అచ్చుకూటములలో, కార్యాలయములలో అను ఫాంట్లు మున్నగువానితో తెలుగు కూర్చిరి. ఆ ఫైలులో నున్నవి ఇతర గుర్తుల సంఖ్యలే. తెలుగు రూపము ఫాంటులో మాత్రమే ఉన్నది. ఫాంటు లేని యంత్రమున ఆ తెలుగు లేదు. ఒక్కొక్క సంస్థ ఫాంటునకు ఒక్కొక్క అమరిక యగుటచే, ఒకరి ఫాంటుతో మరొకరి ఫైలును చదువుటకును వీలులేదు.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడు మొదటి సంపుటిలోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. కాని స్థానము ఉన్నంత మాత్రమున వాడుక రాదు. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గోదావరి పాయ పేరు గల గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను యూనికోడు ఫాంట్లను రూపొందించి ఉచితముగా నిచ్చిరి. నాగార్జున వెన్న తయారుచేసిన పద్మ అను ప్రోగ్రాము పాత ఫాంట్ల తెలుగును, ఆర్‌టీఎస్‌ను యూనికోడులోనికి మార్చుటకు తోడ్పడెను.

ఇట్టి పాత ఫైళ్లు పాఠశాలలలో, గ్రంథాలయములలో, అచ్చుకూటములలో ఇంకను ఉన్నవి. ఫాంటు గల పాత కంప్యూటరు మూలబడిననాడు, అందలి పాఠములు, పాటలు, స్థానిక చరిత్రలు ఉండియు లేనివగును. కాగితముపై నున్న ప్రతిని చెదలు తినును. వీనిని మరపు తినును. ఫాంటు ఇంకను పనిచేయుచుండగనే వీనిని యూనికోడులోనికి మార్చి దాచవలెను. చదువుటకు మాత్రమే పంపునపుడు పీడీఎఫ్‌గా మార్చి, ఫాంటును అందులోనే ఇమిడ్చి పంపవచ్చును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. థండర్‌బర్డు ప్రోగ్రాములో ఒక లేఖను తెరచి, కంట్రోలు మీటతో యు మీట నొక్కిన లేఖ మూలము కనబడును. విద్యార్థులచే సరిహద్దు పంక్తులను వెదకించుడు, చీటీలను చదివించుడు, బేస్-64 పంక్తిలో గుర్తులు లెక్కింపించుడు, 76 వచ్చును. చివరి సరిహద్దు పంక్తి లేనిచో లేఖ త్రోవలో తెగినదని అర్థము. చీటీ తప్పైనచో పంపిన ప్రోగ్రామును అనుమానింపుడు. అన్నియు సరిగా నుండియు అక్షరము కనబడనిచో ఫాంటును చూడుడు. ఈ వరుసలో పరీక్షించిన చిక్కు తానే దొరకును.

2012లో చిరునామాలలోను, లేఖ తలభాగములోను యూటీఎఫ్-8 అక్షరములు నేరుగా పోవుటకు నియమములు ఏర్పడినవి. లాకు క్రమముగా వెడల్పగుచున్నది. కాని ఒక్క పాత లాకు త్రోవలో నున్నను పడవ దానికి లోబడవలసినదే. అందుచేతనే 1963 నాటి ఏడు బిట్లు నేటికిని మన ప్రశ్నపత్రముతో పాటు ప్రయాణము చేయుచున్నవి.